పేదపగులు

పొదుపు శాఖ మంత్రిగారు ఇకమీదట పాత ఫోనే వాడతారని ఆ ఉదయం దేశానికి తెలిసింది. దేశం ఆ సమయానికి వేరే పనిలో ఉంది. అయినా తెలిసింది, ఎందుకంటే అన్ని ఛానళ్లలోనూ ఒకేసారి చెప్పారు.

పత్రికల వారిని పిలిచి, తన కొత్త ఫోనును చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని ఆయన పైకెత్తారు.

"ఏటా ఒక కొత్త ఫోను! ఎవరి సొమ్మిది? ప్రజల సొమ్ము. కన్ను మూస్తే నిద్ర పట్టడం లేదు నాకు. అందుకని ఈ క్షణమే దీన్ని త్యజిస్తున్నాను. ఎవరో వాడి వదిలేసింది, బాగుచేసి అమ్మేది, అలాంటి ఫోను కొనుక్కుంటాను. సామాన్యుడికి ఏది చాలునో నాకూ అదే చాలు."

చప్పట్లు మోగాయి. త్యజించిన ఫోనును పక్కనే నిలబడ్డ బామ్మర్ది భక్తితో రెండు చేతులా అందుకుని జేబులో వేసుకున్నాడు. త్యాగమంటే అలా చిటికెలో అయిపోవాలి. ఆలోచిస్తూ కూర్చుంటే అయ్యేది కాదు.

ఇదంతా మంత్రిగారి వెనకాల గోడకు ఆనుకుని పీయే చూస్తున్నాడు. ఎంతోమంది మంత్రుల వెనకాల ఎన్నో గోడలకు ఆనుకున్న మనిషి. అందరి చొక్కాలనూ వెనకనుంచే చూశాడు గనుక ఎవరి మీదా పెద్ద కోపం లేదు. వెనకనుంచి చూస్తే మనుషులందరూ కొంచెం అలిసిపోయినట్టే ఉంటారు.

పాత ఫోను అమ్మే దుకాణం ఒక ఇరుకు సందులో ఉంది. అక్కడికి మంత్రిగారి కార్ల వరస వెళ్లాలంటే సందు చాలదు. అందుకని ముందురోజు రోడ్డు వెడల్పు చేశారు, గుంతలు పూడ్చారు, ఎప్పుడో ఆరిపోయిన వీధిదీపం వెలిగించారు. ఆ ఖర్చుతో ఒక జిల్లాకు కొత్త ఫోన్లు వచ్చేవని గిట్టనివాళ్లు అన్నారు. పీయే మాత్రం దీపం వైపు చూశాడు. ఏ కారణానికి వెలిగితేనేం, ఇకమీదట ఈ సందులో ముసలివాళ్లు పడకుండా ఇల్లు చేరతారు కదా అనుకున్నాడు.

దుకాణం నడిపే ఆవిడను సందులో అందరూ డాక్టరమ్మ అంటారు. కంటికి భూతద్దం పెట్టుకుని, చచ్చిపోయిన ఫోన్ల పొట్టలు కోసి బతికిస్తుంది.

"ఇది ఎన్నాళ్లదమ్మా?" ఒక ఫోను చేతిలోకి తీసుకుంటూ అడిగారు మంత్రిగారు.

"మీ ప్రభుత్వం కంటే పాతదండీ."

"బాగా పనిచేస్తుందా?"

"దానికంటే బాగానే చేస్తుందండీ."

కెమెరాలు ఉన్నాయి గనుక మంత్రిగారు నవ్వారు.

"గ్యారంటీ ఎంతకాలం?"

"ఆరు నెలలండీ."

"ఆరు నెలలేనా! మాకు జనం అయిదేళ్లు ఇస్తారమ్మా."

"వాళ్లకి ధైర్యం ఎక్కువండీ. మేం చిన్న వ్యాపారస్తులం."

పాత ఫోను మంత్రిగారి చేతికొచ్చింది. న్యాయంగా చెప్పాలంటే అది మంచి ఫోనే. మాట వినిపిస్తుంది, మాట వెళుతుంది. ఒక్కటే లోటు, మధ్యాహ్నానికి ఛార్జింగు అయిపోయి కన్ను మూసేస్తుంది. దాంతో మంత్రిగారు కూడా సోఫాలో కాసేపు కన్ను మూసేవారు. ఆ గంటసేపు ఎవరినీ తిట్టడానికి సాధనం ఉండదు. ఏళ్ల తరబడి చల్లారిన అన్నమే తిన్న అటెండరు వేడన్నం తినడం నేర్చుకున్నాడు. టైపిస్టు తన కుట్టుపని బయటికి తీసింది. పాత ఫోను దేశానికి ఏం చేసిందో తెలియదు గాని, ఆ ఆఫీసుకు మాత్రం మేలే చేసింది.

అసలు చిక్కు యాప్ దగ్గర వచ్చింది.

కాగితాన్ని రద్దుచేసి శాఖ ఫైళ్లన్నిటినీ యాప్‌లోకి ఎక్కించింది మంత్రిగారే. ఇప్పుడు సంతకం లేదు, బొటనవేలే. అది కూడా మంత్రిగారి చేతి ఫోను మీదే పడాలి. ఆ యాప్ పాత ఫోన్లలో తెరుచుకోవడం లేదని జనం మొత్తుకుంటే, "కాలంతో పాటు నడవండి" అన్నదీ ఆయనే. ఇప్పుడాయన యాప్ తెరవగానే తెర మీద ఆయన బొమ్మే చెయ్యి ఊపుతూ ప్రత్యక్షమైంది. కింద అక్షరాలు వచ్చాయి. 'మీ ఫోను బాగా పాతది. దయచేసి కాలంతో పాటు నడవండి.'

"ఎవడయ్యా వీడు, నాకు నీతులు చెప్పేది?" అన్నారు మంత్రిగారు.

"తమరేనండీ," అన్నాడు పీయే.

ఫైళ్లు ఆగిపోయాయి. వంతెనలు ఆగాయి, పింఛన్లు ఆగాయి. వాటితో పాటు ఒక చిన్న ఫైలు కూడా ఆగింది. అది పీయే బదిలీ ఫైలు.

పీయే భార్య వేరే ఊళ్లో ఆసుపత్రిలో రక్తపరీక్షల విభాగంలో పనిచేస్తుంది. ఇద్దరివీ వదులుకోలేని ఉద్యోగాలు. పెళ్లయిన కొత్తలో విడిపోయిన వంటిళ్లు మళ్లీ కలవలేదు. వాళ్ల కాపురమంతా ఫోనులోనే జరుగుతోంది, సిగ్నలు ఉన్నంతవరకు బాగానే జరుగుతోంది. ఇప్పుడామెకు మోకాలి ఆపరేషను పడింది. సరిగ్గా ఈ సమయానికే ఆ ఊరి ఆఫీసులో పీయే స్థాయి కుర్చీ ఒకటి ఖాళీ అయింది. ఈ నెలాఖరులోగా మంత్రిగారి బొటనవేలు పడితే కుర్చీ అతనిది, పడకపోతే తరువాతి వరసలో ఉన్నవాడిది. మళ్లీ ఖాళీ అయ్యేసరికి అతనికి రిటైర్మెంటు వస్తుంది.

"సార్, ఇంకో కొత్త ఫోను కొని సొరుగులో పెట్టుకుందామా? ఫైళ్లకు మాత్రం," అన్నాడు పీయే, ఎన్నడూ లేని సాహసం చేసి.

"సొరుగులోనా!" మంత్రిగారు నొచ్చుకున్నారు. "దాచుకునే మనిషినా నేను? అయినా ఆ ఛానలు వాడు 'మంత్రి చేతిలో పాత ఫోను' అని పొద్దస్తమానం నా చెయ్యే చూపిస్తున్నాడు. ముక్కు గోక్కోడానికి కూడా ఎడమ చెయ్యి వాడుతున్నాను."

"బామ్మర్దిగారి దగ్గరున్నది..."

"వాడు దాన్ని తీసుకుని విదేశాలకు వెళ్లాడు. పొదుపు మీద అధ్యయనం."

సాంకేతిక అధికారిని పిలిపించారు. యాప్‌ను పాత ఫోన్లలో కూడా తెరుచుకునేలా మార్చవచ్చు కదా అని అడిగారు.

"మార్చవచ్చు సార్. కాని ఒక్క ఇబ్బంది."

"ఏమిటి?"

"అప్పుడు జనం కూడా తెరిచేస్తారు సార్."

మంత్రిగారు చాలాసేపు కిటికీలోంచి బయటకు చూశారు. కింద గేటు దగ్గర జనం ఉన్నారు. "వద్దులే," అన్నారు చివరికి.

మర్నాడు పీయే ఒక్కడే ఆ సందుకు వెళ్లాడు. డాక్టరమ్మ భూతద్దం పైకి నెట్టి కష్టమంతా విన్నది.

"అంటే సార్, మీకు కొత్త ఫోనే కావాలి. చూసేవాళ్లకి పాతదానిలా కనపడాలి."

"అంతేనమ్మా."

"ఇన్నాళ్లూ అందరూ లోపల పాతది, పైకి కొత్తది అడిగేవాళ్లు. తిరగేసి అడిగింది మీరే." ఆవిడ కళ్లు మెరిశాయి. "పెద్ద పనేం కాదు. పాతదాని వీపూ అంచులూ కోసి కొత్తదానికి అతికిస్తాను. ముందు వైపు పగిలిన అద్దం ఒకటి తొడుగుతాను. పగులు ఏ రకం కావాలి?"

"పగుళ్లలో రకాలుంటాయా?"

"ఉండవా మరి! మధ్యతరగతి పగులైతే మూలగా ఒక సన్నగీత. ఉన్నదాంట్లో సర్దుకుపోతున్నట్టుంటుంది. పేదపగులైతే సాలెగూడు. చూస్తేనే గుండె తరుక్కుపోవాలి."

పీయే ఆలోచించాడు. "మాది పేదల ప్రభుత్వమమ్మా."

"అయితే సాలెగూడే. కూలి ఎక్కువవుతుంది. అన్నివైపులా సమానంగా పగలగొట్టాలి కదండీ, చేతిపని."

ఆవిడ చిన్న సుత్తి తీసుకుని, ఊపిరి బిగబట్టి, అద్దం మీద పేదరికాన్ని ఒక్కొక్క గీతగా దించింది. అంత శ్రద్ధగా పనిచేసే మనిషిని చూసి పీయేకి ముచ్చటేసింది.

కొత్త పాత ఫోను బ్రహ్మాండంగా పనిచేసింది. మంత్రిగారు గది తలుపు వేయించి యాప్ తెరిచారు. కళ్లు మూసి తెరిచేలోగా ఫైళ్లు వరసకట్టాయి. చేపకు నీళ్లు దొరికినట్టయింది ఆయనకు. వరసలో మొదట ఉన్నది పీయే ఫైలే. పీయే గోడను వదిలి ఒక అడుగు ముందుకొచ్చాడు.

మంత్రిగారు చదివారు, తల పంకించారు, బొటనవేలు ఆనించారు. తెర ఎర్రబడింది.

"అరె, 'తిరస్కరించడమైనది' అనే మాట ఎంత స్పీడుగా వచ్చిందో చూశావా!" అన్నారు సంబరంగా.

"సార్..." పీయే తెర వైపు వేలు చూపించాడు. "అది నా బదిలీ అండీ. మా ఆవిడకి ఆపరేషను."

"నీదని తెలిసే నొక్కానయ్యా. నువ్వు వెళ్లిపోతే ఎలా? దీని లోపల ఏముందో నాకూ నీకూ తప్ప ఎవరికి తెలుసు?"

"డాక్టరమ్మకి తెలుసండీ."

"ఆవిడ వ్యాపారస్తురాలు, నోరు విప్పితే బేరం పోతుంది. విప్పదు. నువ్వు నిజాయితీపరుడివి. ప్రమాదమంతా నీతోనే." ఆప్యాయంగా భుజం తట్టారు. "నిన్ను కంటికి రెప్పలా కాపాడుకుంటాను, నేను దిగిపోయేవరకు."

తిరస్కరించిన ఫైలును మళ్లీ పంపుకునే సౌకర్యం యాప్‌లో ఉంది. పీయే ఆ సాయంత్రమే మళ్లీ పంపాడు. మంత్రిగారు మళ్లీ తిరస్కరించారు. మూడోసారి ఫైలు పేరు చూసి నవ్వుకుంటూ తిరస్కరించారు.

ఈలోగా మంత్రిగారు ఒక సభలో కెమెరాల ముందు యాప్ తెరిచి చూపించారు. "పాత ఫోనులో పనిచెయ్యదని పుకార్లు పుట్టించారు. ఇదిగో చూడండి!" అన్నారు. సాలెగూడు పగులు వెనకాల యాప్ ధగధగలాడింది. ఆ పగులు చూసి ఒక ఛానలామె కళ్లు ఒత్తుకుంది. సభ అయ్యాక అటెండరు తన ఫోను పట్టుకుని వచ్చాడు.

"సార్, మీదీ నాదీ ఒకటే మోడలండీ. నాది ఎందుకు తెరుచుకోదండీ?"

"వేలు తుడుచుకుని నొక్కావా?"

"తుడుచుకున్నానండీ."

"మనసు?"

అటెండరు ఆలోచిస్తూ వెళ్లిపోయాడు.

ఆ తరువాత పాత ఫోను ఉద్యమమైపోయింది. మిగతా మంత్రులు పాత ఫోన్లు పట్టారు. పెద్ద అధికారులు పట్టారు. మంత్రిగారిని తిట్టడమే వృత్తిగా పెట్టుకున్న ప్రతిపక్ష నాయకుడు కూడా ఒక శుభోదయాన పగిలిన ఫోనుతో దర్శనమిచ్చి, "పాతదనంలో మేమే ముందు" అన్నాడు. చిత్రమేమిటంటే వాళ్లందరికీ యాప్ తెరుచుకుంటోంది. జనానికి మాత్రమే తెరుచుకోవడం లేదు. నాయకుల వేళ్లకూ జనం వేళ్లకూ తేడా ఏమిటో కనుక్కోవడానికి ఒక కమిటీ వేశారు.

ఫోను అంచు కాస్త లేచిందని మంత్రిగారు పంపితే, పీయే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. దుకాణం పక్క రెండు గదులనూ కలుపుకుని ఎదిగిపోయింది. ముందు ఖరీదైన కార్లు నిలబడి ఉన్నాయి.

"రద్దీ బాగుందమ్మా. ఎవరెవరొస్తున్నారు?"

"రోగుల విషయాలు బయట చెప్పకూడదండీ," అంది ఆవిడ, అంచుకు జిగురు పూస్తూ. ఆ మాట పీయే బుర్రలో ఈగలా తిరుగుతూ ఉండిపోయింది.

ఆ రోజు భార్య ఫోను చేసింది.

"ఏమండీ, ఆపరేషను తేదీ ఖాయం చేశారు. మీ సంగతేమైంది?"

"మళ్లీ కాదన్నారు."

"అంత ముద్దొచ్చేశారా ఆయనకి? నాక్కూడా కొంచెం మిగల్చమని చెప్పండి."

"ముద్దు కాదే. ఆయన గుట్టు నా ఒక్కడికే తెలుసు."

అవతల కాసేపు పరీక్షనాళికల చప్పుడు వినిపించింది. "గుట్టు ఒక్కడి నెత్తిన ఉంటేనే కదండీ బరువు. పదిమందికీ తెలిస్తే ఎవరి వాటా వాళ్లు మోస్తారు," అంది. "సరే, ఎవరో వచ్చారు, ఉంటాను. అన్నం తినండి."

నెల ముగిసేముందు రోజు నగరంలోని పెద్ద హాలులో పాత ఫోన్ల అఖిలపక్ష సభ పెట్టారు. వేదిక మీద మంత్రులు, అధికారులు, మధ్యలో మన మంత్రిగారు, ఆయన పక్కనే ప్రతిపక్ష నాయకుడు. అందరూ తమ తమ పాత ఫోన్లను పైకెత్తి ఫొటోకు నిలబడ్డారు. అన్ని ఫోన్లకూ సాలెగూళ్లే. పీయే ఎప్పటిలా గోడకు ఆనుకుని వాటిని వరసగా చూశాడు. అన్ని గూళ్లలోనూ గీతలు అన్నివైపులా సమానంగా ఉన్నాయి. ఎవరో ఊపిరి బిగబట్టి, శ్రద్ధగా చేసినట్టున్నాయి.

ఫొటో అయింది. మంత్రిగారు మైకు అందుకోవడానికి లేస్తూ ఫోనును పీయే చేతికిచ్చారు. "జాగ్రత్తయ్యా, ప్రాణం."

"తప్పకుండా సార్," అన్నాడు పీయే.

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ చేతినుంచి ఒక కాఫీ కప్పు జారలేదు, ఒక రహస్యం జారలేదు. అలాంటి చెయ్యి వేదిక మధ్యలో, సరిగ్గా కెమెరాల ముందు, వదులైంది.

ఫోను పాలరాయి మీద ఠపీమని పడింది. పాత వీపు ఒకవైపు దొర్లింది. పగిలిన అద్దం ఇంకోవైపు జారింది. నడుమ సరికొత్త ఫోను కడిగిన ముత్యంలా మెరుస్తూ మిగిలింది.

మంత్రిగారి ముఖం సున్నం కొట్టినట్టయింది. ఇన్నాళ్లూ ఇలాంటి ఒక్క క్షణం కోసమే నోరు పదును పెట్టుకుంటూ వచ్చిన ప్రతిపక్ష నాయకుడి వైపు అందరి కళ్లూ తిరిగాయి. ఆయన పైకప్పు అందాన్ని పరిశీలిస్తూ, చేతిలోని పాత ఫోనును నెమ్మదిగా జేబులోకి జార్చాడు. ఆయన పక్కన ఇంకొక చెయ్యి దిగింది. ఆ పక్కన ఇంకొకటి. వేదిక ఈ చివరినుంచి ఆ చివరిదాకా, గాలికి వరిచేను వంగినట్టు, చేతులన్నీ ఒకదాని తరువాత ఒకటి జేబుల్లోకి వెళ్లిపోయాయి. ముందు వరసలో ఒక సంపాదకుడు ప్రశ్న అడగడానికి లేచి, తన చేతిలోది చూసుకుని, దగ్గి కూర్చున్నాడు.

ప్రతిపక్ష నాయకుడు మైకు తీసుకున్నాడు. "మంత్రిగారి పాత ఫోనుకు జరిగిన ప్రమాదానికి మా పార్టీ తరఫున తీవ్ర విచారం వ్యక్తం చేస్తున్నాను. ఇది రాజకీయాలు మాట్లాడే సమయం కాదు."

హాలు దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి.

మంత్రిగారు అటూ ఇటూ చూశారు. దిక్కులేనివాడిననుకున్న మనిషికి ఒక్కసారిగా బంధుబలగమంతా దొరికినట్టు ఆయన ముఖంలోకి మెల్లగా రక్తం వచ్చింది.

సభ అయ్యాక వేదిక వెనక గదిలో ఆయన పీయేని పిలిచారు. మెరిసే ఫోను చేతిలో బాహాటంగానే ఉంది.

"కావాలనే పడేశావు కదూ?"

"చెయ్యి జారిందండీ."

"ఊఁ." ఫోనును అటూ ఇటూ తిప్పి చూశారు. "అందరివీ ఇవేనంటావా?"

"డాక్టరమ్మ నాతో ఏమీ చెప్పలేదండీ."

"ఎందుకు చెబుతుంది, మంచి డాక్టరు." యాప్ తెరిచారు. "నీ ఫైలు మళ్లీ పంపే ఉంటావు."

"పొద్దున్నే పంపానండీ."

"ఇక నువ్వుండి దాచేదేముందయ్యా ఇక్కడ? ఉంటే రేపు ఇంకేం పడేస్తావో." బొటనవేలు ఆనించారు. ఈసారి తెర పచ్చబడింది. "మీ ఆవిడకి మోకాలు త్వరగా బాగవ్వాలని నేనన్నానని చెప్పు."

నిజంగానే అన్నారు. ఆ మాట అనకపోయినా అడిగేవారు లేరు, అయినా అన్నారు. పీయే దానిని మనసులో భద్రంగా పెట్టుకున్నాడు.

ఆపరేషను అయ్యాక భార్య కాలు చాపుకుని వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని పాత పేపర్లు తిరగేస్తోంది. అతను గిన్నెలు తోముతున్నాడు. ఆమె కళ్లజోడు సవరించుకుని ఒక ఫొటో దగ్గర ఆగింది. వేదిక మీద బారులు తీరిన నాయకులు, ఎత్తిన చేతులు, ప్రతి చేతిలోనూ పగిలిన ఫోను. పైన పెద్ద అక్షరాలు, 'పొదుపులో అందరూ ఒక్కటే'.

"ఎంత నిరాడంబరంగా ఉన్నారండీ! చూడండి, ఒక్కరి చేతిలోనైనా బాగున్న ఫోను లేదు," అంది. "ఇంతమంది మంచివాళ్లను వదిలేసి ఎలా వచ్చారు మీరు?"

"వాళ్లే పంపించారే."

"ఆ గాజుగిన్నె మెల్లిగా కడగండి. సబ్బుంది, చెయ్యి జారుతుంది."

"నా చేతిలోంచి ఏదీ జారదు," అన్నాడు పీయే, గిన్నెను పంపు కింద పెడుతూ.